ఎనభై ఎనిమిదో పతకం

నవంబరు 9, ఆదివారం
మధ్యాహ్నం, భోజనాలయ్యాక

చిరంజీవి బావమరిదికి,

బావ దీవించి రాయునది. డెబ్బై నాలుగేళ్ళు నిండి, రెండు కళ్ళకీ ఆపరేషన్ అయినవాణ్ణి చిరంజీవీ అనడానికి నా కలం కొంచెం తటపటాయించింది. మీ అక్క పక్కనే కూర్చుని, వాడు ఎప్పటికీ నాకు తమ్ముడే, అలాగే రాయండి అంది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నా మోకాళ్ళు మాత్రం మెట్లు కనబడితే అలుగుతున్నాయి. అక్కడ నువ్వూ, చెల్లెమ్మా, నీ గోడగడియారమూ క్షేమమని తలుస్తాను.

నీ కార్డు గురువారం అందింది. నాలుగే వాక్యాలు. నీ పతకాల పుస్తకం ఇరవయ్యో తారీఖున అచ్చుకు వెళుతోందని మొదటిది. అందులోంచి ఎనభై ఎనిమిదో పతకాన్ని తీసేస్తున్నానని రెండోది. నాన్న ఏదో ఊహించుకుని ఉంటాడని మూడోది. గడియారం ఇప్పటికీ వారానికి నాలుగు నిమిషాలు వెనకబడుతోందని నాలుగోది. మూడో వాక్యం చదివి మీ అక్క కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. మా నాన్న లేనిది ఉన్నట్టు చెప్పే మనిషాండీ అని నన్నడిగింది. నేను ఆ కళ్ళజోడు తీసుకుని తుడవడం మొదలుపెట్టాను.

అసలు నీ పిచ్చి మొదలైన రోజు నాకు బాగా గుర్తు. సర్వే ఆఫీసులో ముప్పై అయిదేళ్ళు పటాలు గీసి రిటైరయ్యావు. మర్నాడే పాతసామాన్ల సంతకి వెళ్ళి, ఎవడి బిస్కెట్ల డబ్బాలోంచో ఒక ఇత్తడి బిళ్ళ పట్టుకొచ్చావు. ఒక వైపు గుర్రం, ఇంకో వైపు మంటలార్పే మోటారుబండి. గుర్రాలకి సెలవిచ్చి మోటారుబండి కొన్న సందర్భంలో కొట్టించిన పతకమన్నావు. పతకాలన్నీ నమోదైన పెద్ద కేటలాగు మూడు సంపుటాలూ తిరగేశావు, ఎక్కడా లేదు. కేటలాగులో లేదంటే నాబోటివాడు పారేస్తాడు. నువ్వు గంతేశావు. ఇక అక్కణ్ణుంచి అలాంటివే. టైపు పోటీల పతకం. వెయ్యో ట్రాము పెట్టె పతకం. తెరిచిన మూడు నెలలకే మూసేసిన ఈతకొలను పతకం. రాజులకీ యుద్ధాలకీ చోటుంది గానీ ఈతకొలనుకి లేదా అని నా మీద కేకలేశావు, ఆ కేటలాగు రాసినవాణ్ణి నేనే అయినట్టు.

ఆ మోటారుబండి పతకాన్నే నేను తోమేశాను. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన చెయ్యి, నల్లబడ్డ ఇత్తడి కనబడితే ఊరుకోదు. నువ్వు కాఫీ తాగి వచ్చేలోగా తళతళలాడించి నీ అరచేతిలో పెట్టాను. మెచ్చుకుంటావనుకున్నాను. డెబ్బై ఏళ్ళ నలుపుని అయిదు నిమిషాల్లో చంపేశావు బావా అన్నావు. తోమినా, చిల్లు పెట్టినా, ఆకురాయి తగిలించినా పతకం చచ్చినట్టేనట. ఆ పని చేసినవాడి మొహం చూడకూడదట. మూడు నెలలు మా గుమ్మం తొక్కలేదు. మీ అక్క మాత్రం, చెంచాలు తోమమంటే తోమరు, తోమకూడనివి వెతుక్కుని మరీ తోముతారు అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

సరే, విషయానికి వస్తాను. వస్తూనే ఉన్నాను, తొందరపెట్టకు.

నీ పుస్తకంలో నూట నలభై ఒక్క పతకాలు. చూడనిది రాయను, తూచనిది రాయను అని నీ నియమం. ఆ నియమం దాటి, మామగారి మాట ఒక్కటే పట్టుకుని రాసింది ఈ ఎనభై ఎనిమిదినే. నీళ్ళ సొరంగం తవ్వినవాళ్ళకోసం కొట్టించిన పతకం. ఒక వైపు సొరంగం నోరు, పైన వేలాడే లాంతరు. రెండో వైపు తవ్వినవాడి నంబరు, అంతే. పేరుండదు. మామగారి నంబరు అరవై మూడు. ఆయన గొడుగు పిడి మీదా, మంచినీళ్ళ సీసా మూత మీదా కూడా అదే చెక్కుకున్నారు కాబట్టి అల్లుణ్ణయిన నాకూ తెలుసు. పతకాలు పంచిన నాలుగో రోజున, ఇంకా ప్రారంభోత్సవం కాకముందే, పైకప్పు కూలి పదకొండు మంది పోయారు. ఉత్సవం మానేశారు. పతకాలు వెనక్కి లాక్కుని కరిగించేశారు. ఇదంతా మామగారు నీ చిన్నప్పుడు చెప్పిన మాట. దాన్ని నేను చేత్తో పట్టుకున్నానురా అనేవారట.

పద్నాలుగేళ్ళు వెతికావు. ఎన్ని సంతలు, ఎన్ని బిస్కెట్ల డబ్బాలు! పోయిన నెల సొరంగం ఆఫీసువాళ్ళు అలాంటి పతకమేదీ తమ రికార్డుల్లో లేదని రాసేసరికి నీరుగారిపోయావు. వాళ్ళ రికార్డుల్లో ఆ పదకొండు మందైనా సరిగ్గా ఉన్నారో లేదో అడగాల్సింది. ఇప్పుడు నువ్వు కూడా ఆ పేజీ తీసేస్తే, మామగారు కట్టుకథ చెప్పారని ఆయన కొడుకే ఒప్పుకున్నట్టవుతుంది. మీ అక్క బాధ అదే.

అందుకని నా మాట విను, ఎనభై ఎనిమిదిని తీసెయ్యకు. ఎందుకంటే అని రాసి ఇప్పటికి మూడు కాగితాలు చించాను. మీ అక్క చూస్తూనే ఉంది. ఏం దాస్తున్నారు అంది. కలం సరిగ్గా రాయట్లేదన్నాను. కలం కాదు, మీరు అంది. యాభై ఆరేళ్ళ కాపురంలో ఇంక దాచడానికి చోటెక్కడుంటుంది? చెప్పేశాను. అంతా విని, లేచి వెళ్ళి, కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత వచ్చి, రాసెయ్యండి, వాడు మొహం చాటేస్తే నేను వెళ్ళి చెవి పట్టుకుని లాక్కొస్తాను అంది.

ఆమెకున్న ధైర్యం నాకు లేదు. ఉన్న కాస్తా జారి ఉత్తరం అడుక్కి వెళ్ళింది, అక్కడ చూసుకో. చెల్లెమ్మకి నా ఆశీస్సులు.

ఇట్లు,
పూర్వం నీకు ఇష్టుడైన
బావ

తా.క.: మామగారు కాలం చేసిన ఏడు ఆయన పనిముట్ల పెట్టె నాకిచ్చావు. తుప్పుసామాను బావా, నీ కొట్లో పనికొస్తుందేమో చూడు అన్నావు. అడుగున, గుడ్డలో చుట్టి, పెనం అడుగంత నల్లగా ఒక బిళ్ళ ఉంది. దాని మీద అరవై మూడు. పనివాళ్ళ హాజరు బిళ్ళ అనుకున్నాను. సరిగ్గా ఆ వారమే నీ గోడగడియారం నా బల్ల మీదికొచ్చింది, లోలకంలో సీసం ఊడిపోయి. బిళ్ళ బరువు దానికి సరిపోయింది. అంచు ఆకురాయితో అరగదీశాను, మధ్యలో చిల్లు పెట్టాను, లోలకం ఇత్తడి మూత వెనక మరతో బిగించాను. చిల్లు పెడుతుంటే మసి రాలి లాంతరొకటి బయటపడింది. ముచ్చటగా ఉందే అనుకున్నాను కూడా.

పద్నాలుగేళ్ళ కిందట నువ్వు మొదటిసారి లాంతరు సంగతి చెప్పినప్పుడు నేను చిల్లు పెట్టింది దేనికో తెలిసింది. మోటారుబండి గొడవ అప్పటికింకా పచ్చిగానే ఉంది. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అనుకుంటూ ఇక్కడిదాకా వచ్చాను. గడియారాన్ని ఇంకెవరిచేతా విప్పించకని నేను మొత్తుకున్నది అందుకే. బరువు ఉండాల్సిన చోటుకన్నా కాస్త కిందికి దిగింది, అదే ఆ నాలుగు నిమిషాలు.

నువ్వు రాసుకునే బల్లకి ఎదురుగానే కదా ఊగుతోంది. ఆపి, లోలకం దింపి, మర విప్పు. తోమకు. నంబరు వైపు నా చిల్లు ఆరుకీ మూడుకీ మధ్యన పడింది, క్షమించు. రెండో వైపు సరిగ్గా సొరంగం నోట్లోనే పడింది, చూడగానే చిల్లని తెలియదు.

మామగారు చేత్తో పట్టుకున్నానన్నారు గానీ, తిరిగి ఇచ్చేశానని ఎప్పుడైనా అన్నారా? మీ అక్క కిటికీ దగ్గర నుంచి వచ్చి మొదట అడిగింది ఇదే. తూచి రాసుకో, ఇరవయ్యో తారీఖుకి ఇంకా పదకొండు రోజులున్నాయి.