హెవీ క్లచ్చు వద్దు బావగారూ

షెడ్డు నుంచి,
మార్చి 11, మంగళవారం.

బావగారికి,

మీ మరదలి నమస్కారాలు. అక్కడ మీ అమ్మాయీ, మొన్న పుట్టిన బుల్లి మనవరాలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. మీ టోయింగ్ లారీ మాత్రం గేర్ బాక్సు నేల మీద పెట్టుకుని, దిమ్మల మీద కూర్చుని మీ కోసం బెంగపడుతోంది. అక్కకు సెలవు దొరికింది, ఈ మధ్యాహ్నం బస్సుకు మీ దగ్గరికే వస్తోంది. ఈ ఉత్తరం తన చేతికే ఇస్తున్నాను.

బండికి ఏమేం వేయాలో కాగితం మీద రాసి పంపితే తీరిగ్గా ఆలోచించుకుంటానన్నారు కదా. నాకూ అదే నయం. ఫోనులో మీరు నన్ను ఒక్క మాట పూర్తిచేయనివ్వరు.

వచ్చే నెల నుంచి ఎత్తు రోడ్డు మీద చెడిపోయిన బస్సుల్ని లాగే పని మీదేనని, వెనక ఇరుసులో క్రౌన్, పినియన్ పళ్ళచక్రాలు మార్చి బండికి బలం పెంచమని అన్నారు. అది నాకూ సమ్మతమే. వేగం కాస్త తగ్గుతుంది, డీజిల్ కొంచెం ఎక్కువ తాగుతుంది. అయితేనేం, బస్సును తగిలించుకుని ఎత్తెక్కేటప్పుడు ఇంజను ఆయాసపడదు.

హెవీ క్లచ్చు కూడా వేయమన్నారు. అది మాత్రం వద్దు. దాని పెడల్ మొండిది, రోజంతా తొక్కితే మోకాలు పట్టేస్తుంది. దాని బదులు ఆటోమేటిక్ గేర్ బాక్సు వేద్దాం. అప్పుడే కస్సుమనకండి, పూర్తిగా చదవండి. ఎడమకాలికి పనే ఉండదు. బరువుతో ఎత్తులో ఆగినా కుదుపు లేకుండా కదులుతుంది. ఆయిల్ వేడెక్కకుండా ముందు పెద్ద కూలరు బిగిస్తాను. ఆటోమేటిక్ నడిపేవాడు డ్రైవరు కాదు, సీట్లో పెట్టిన సామాను అని మీరు అందరినీ నవ్వించేవారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఇప్పుడు నేనే మిమ్మల్ని ఆ సీట్లో కూర్చోమంటున్నాను, ఎంత తిట్టుకుంటారో తిట్టుకోండి.

క్లచ్చు ఏడాదిలో మూడోసారి ఎందుకు కాలిందని శనివారం అడిగారు. క్లచ్చు ప్లేటు నాసిది అన్నాను. ఆ సాయంత్రమే మీరు బండి సామాన్ల దుకాణానికి వెళ్ళి, పాత స్నేహితుడని కూడా చూడకుండా దుకాణదారుని నలుగురిలో కడిగేశారట. పాపం, ఆయన కొత్త ప్లేటు ఊరికే పంపాడు. అది ఇంకా డబ్బాలోనే ఉంది. దాని మీద పాత గోనె కప్పి పెట్టాను.

ఆటోమేటిక్‌కు సరేనంటే రేపే పని మొదలుపెడతాను. అమ్మాయిని వేళకు తినమనండి. పాపకు నా ముద్దులు.

మీ నోటికి ఏనాడూ జంకని, ఈ ఉత్తరానికి మాత్రం జంకుతున్న
మీ మరదలు

తా.క.: సంతకం పెట్టాక కూడా కవరు మూయలేకపోయాను. ప్లేటు నాసిది కాదు బావగారూ. విప్పిన సామాను యజమాని చేతికిచ్చి చూపించాకే తుక్కులో వేయడం మన షెడ్డు పద్ధతి. అది నేర్పింది మీరే. ఈసారి మీ కంట పడకుండా దాచాను. ఎందుకంటే ఆ ప్లేటూ, దాని బేరింగూ అరిగిన తీరు చూస్తే మీకు ఇట్టే తెలిసిపోతుంది. బండి నడిచినంతసేపూ మీ ఎడమకాలు క్లచ్చు మీదే ఉంటోంది. అది అక్కడుందని మీకు తెలియడం లేదు.

శనివారం మేం గేర్ బాక్సు దించుతుంటే మీరు బెంచీ మీద కునుకు తీశారు. మీ ఎడమ చెప్పులోంచి ఒక స్క్రూ అరికాల్లోకి దిగి ఉంది. దాంతోనే పొద్దుటి నుంచి షెడ్డంతా తిరిగారు, నన్ను ఆటపట్టించారు. నేను స్క్రూ పీకాను, మీరు కదలలేదు. రక్తం తుడిచాను, అప్పుడూ కదలలేదు. షుగరు వల్ల కాళ్ళకు స్పర్శ పోతుందని డాక్టరు చెబితే నవ్వి తోసేశారు గుర్తుందా? లేపి చెప్పాల్సింది. చెబితే మీరు స్టీరింగు వదలాలి, ఆ మాట నా నోటి నుంచి రాకూడదనుకున్నాను. టీ ఇచ్చి పంపేశాను. ఆ గాయంతోనే మీరు అమ్మాయి దగ్గరికి అంత దూరం వెళ్ళారు. నా పిరికితనానికి మూడు రోజులుగా నన్ను నేనే అసహ్యించుకుంటున్నాను.

ఆటోమేటిక్ మంచిదే. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని మీ కాలి సంగతి చెప్పకుండా గట్టెక్కుదామనుకున్నాను. రేపు కుడికాలూ ఇలాగే అయితే? వెనక బస్సు, ముందు దిగుడు, బ్రేకు మీద కాలుందో లేదో మీకే తెలియదు. డాక్టరు సరేననేదాకా మీ బండికి ఒక్క బోల్టు కూడా బిగించను. దుకాణదారు దగ్గరికి నేనే వెళ్ళి క్షమాపణ అడుగుతాను.

అక్క సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కవరు అంటించడం లేదు, దారిలో చదవమని తనకు చెబుతున్నాను. మీరు ఈ కాగితం పక్కన పెట్టి, ముందు ఎడమ చెప్పు విప్పి అరికాలు చూసుకోండి.