కన్నబాబు మేకు

6 జూన్ 1982, ఆదివారం

ఈ రోజు నుంచి మా ఇంట్లో సిస్టం. ఐడియా నాది, బోర్డు ఈయనది. ఈయన వర్క్‌షాపులో డ్యూటీకొచ్చిన వాళ్లు టోకెన్ తీసి బోర్డుకి తగిలించాలట. అలాగే డాల్డా డబ్బా రేకు కత్తిరించి బిళ్లలు చేశారు. చెక్కకి రెండు మేకులు కొట్టారు, పిల్లలిద్దరికీ చెరొకటి. పని చేస్తే బిళ్ల. ఆదివారం బిళ్లలిచ్చి చిల్లర తీసుకోవచ్చు.

ఏడేళ్ల భ్రమర వాకిలి తుడవాలి. తొమ్మిదేళ్ల కన్నబాబు సాయంత్రం వీధి కుళాయి వచ్చాక కంచాలు కడగాలి. మగపిల్లోడి సేత కంచాలేటే అని మా అత్తమ్మ గొడవ. నేను తగ్గలేదు. పుట్టింట్లో మా అన్నయ్యలు తిన్న కంచం పక్కకి కూడా జరపలేదు, అన్నీ కడిగింది నేనే. నా కొడుకు అలా పెరగకూడదు.

ఈయన నా వైపు మాట్లాడారు! నువ్వూరుకోయే అమ్మా, గౌరి సెప్పిందే రైటు అన్నారు. పదేళ్ల కాపురంలో ఇదే మొదటిసారి. కడుపు నిండిపోయింది.

9 జూన్

క్లినిక్‌లో డ్యూటీ దిగి రాగానే చెప్పులు విడవకుండానే బోర్డు చూశాను. రెండు మేకులకీ బిళ్లలున్నాయి.

13 జూన్, ఆదివారం

కన్నబాబు ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు. బొంగరం కొనుక్కున్నాడు. దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకున్నాను. భ్రమర గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. రమ్మంటే రాలేదు.

16 జూన్

మా సీతమ్మధార క్లినిక్‌లో నర్సు కనకరత్నం దగ్గర కన్నబాబు గురించి గొప్పలు పోయాను. మావోడు గ్లాసు కూడా తియ్యడు, ఏటి మందేసినావే అని అడిగింది. ఒకటే నవ్వు ఇద్దరికీ.

18 జూన్

డాక్టరు గారు ఊళ్లో లేరు. మూడింటికే బస్సెక్కాను. మల్కాపురంలో దిగి మా వీధి మలుపు తిరిగేసరికి కుళాయి దగ్గర భ్రమర. గౌను మోకాళ్ల మీదికి దోపుకుని కంచాలు తోముతోంది. మోచేతుల దాకా బూడిద. కన్నబాబు అరుగు మీద బొంగరం తిప్పుతున్నాడు. లోపల ఈయన తన చేత్తో బిళ్ల తీసి కన్నబాబు మేకుకి తగిలిస్తున్నారు.

నన్ను చూసి భ్రమర సంబరంగా చెప్పింది. అన్నయ్యకి నాను బదిలీ అమ్మా, నాన్నే పెట్టాడు, నీకు సెప్పొద్దన్నాడు అని.

మొదటి రోజు నుంచీ ఇదేనట. నలుగురూ ఒకటై నన్ను వెర్రిదాన్ని చేశారు.

ఈయన నవ్వారు. కుళాయి కాడ ఆడోళ్ల మద్దిన మగపిల్లోడు కూకుంటే నా పరువేటవుద్ది, నీ సరదా తీరింది, ఆడి పనీ అయింది, దీనికింత రాద్ధాంతమేటి అన్నారు. అంటే ఆ రోజు నా వైపు మాట్లాడింది నా నోరు మూయించడానికి. అత్తమ్మ నయం, ఎదురుగా కాదంది.

వర్క్‌షాపులో ఒకరి బదులు పనికొచ్చే బదిలీ వాడికైనా వాడి కూలి వాడికిస్తారు. నా కూతురికి అదీ లేదు. దాని కష్టానికి వాడిని ముద్దు పెట్టుకున్నానే! అది తలుచుకుంటేనే నా మీద నాకు అసహ్యం వేస్తోంది.

20 జూన్, ఆదివారం

ఆ మనిషితో మాటల్లేవు. బిళ్లలు ఇకనుంచి నా దగ్గరే. సాయంత్రం నేనే కుళాయి దగ్గర నిలబడి కన్నబాబు చేత కంచాలు కడిగించాను. ఏడుస్తూ కడిగాడు. ఆపైన అన్నం తినలేదు. ఈ వారం వాడి మేకుకున్న బిళ్లలన్నీ తీసి భ్రమర మేకుకి మార్చాను. ఇవన్నీ నీవే అని చెప్పాను. తలూపింది.

21 జూన్

పొద్దున్నే లేచి చూస్తే భ్రమర పీట ఎక్కి నిలబడి ఉంది. తన మేకు మీది బిళ్లలు ఒక్కొక్కటే తీసి అన్నయ్య మేకుకి తగిలిస్తోంది.

నాన్న చెప్పాడా అని అడిగాను.

ఎవులూ సెప్పలేదు, నానే, అంది.