మానుకోట కారానికి పట్నంలో అడ్రసు

తమ్ముడు యాదగిరిని మల్లమ్మక్క దీవించి రాసేది. నీ మోకాలి నొప్పి తగ్గిందా? మరదలికి జ్వరం వదిలిందా, దవాఖానకు తీసుకుపోయావా? చిన్నమ్మ దగ్గు ఎట్లుంది? బర్రె ఈనిందా? మేము బాగానే ఉన్నాము. రంది పడకు.

పోయిన వారం నువ్వు పట్నంలో మా కారం కంపెనీ ఆఫీసు దాకా వచ్చి, నా బిడ్డ సుజాత కనపడక, ఇంటికి రాకుండానే దంతాలపల్లి బస్సెక్కావని తెలిసి నాకు ముద్ద దిగలేదు. "అక్క బిడ్డ కంపెనీ ఉత్తదే, కుర్చీ గూడ లేదు" అని ఊరంతా అన్నావట. ఫోన్ చేస్తే ఎత్తవు. నీ మాట విని రైతులు మిరపకాయలు ఇవ్వకపోతే బిడ్డ కష్టమంతా మట్టిపాలే. అందుకే రాస్తున్నాను.

అది ఉత్తరాలు రావడానికి కిరాయికి తీసుకున్న అడ్రసు తమ్ముడూ. అక్కడ మనం కూర్చోము. పని ఉప్పల్‌లో, మేముండే ఇంట్లోనే. తొడిమెలు నేను తీస్తాను. సుజాత గిర్నీలో పట్టించి పొట్లాలు కడుతుంది. మా సందు పేరు చెబితే పెద్ద దుకాణాల వాళ్లు జవాబే ఇవ్వరట.

మొదట నేనూ భయపడ్డాను. మనిషి లేని ఆఫీసుకు పోలీసులు వస్తారేమో అని. పాలు పొంగించనిదే కంపెనీ పేరు పెట్టొద్దని పట్టుబట్టి, ఆ ఆఫీసుకు స్టవ్వు, గిన్నె మోసుకుని పోయాను.

బల్ల దగ్గరి పిల్ల, "అమ్మా, ఇక్కడ మంట పెట్టకూడదండీ" అంది.

"మంట లేకుంటె పాలెట్ల పొంగుతయి బిడ్డా?"

"అవ్వా, జర మెల్లగ మాట్లాడవే" అని సుజాత సిగ్గుపడింది.

ఆ పిల్లే నవ్వి కరెంటు కెటిల్ తెచ్చింది. పాలు పొంగి బల్ల మీది కాగితాల దాకా పారాయి. వాళ్ల సారు వచ్చేసరికి నేను కొంగుతో బల్ల తుడుస్తున్నాను. ఆయన చెయ్యి చాపి, "ఏందవ్వా, నాకు పొయ్యవా?" అన్నాడు. ఆయనదీ మన దిక్కే, జనగామట!

గోడ మీద ఇంగ్లీషు పేర్ల నడుమ తెలుగులో 'మానుకోట కారం' అని ఉంది. సినిమాల్లో మన మాటకు నవ్విన పట్నంలోనే మన మానుకోట పేరు గోడెక్కింది. మనం కొట్లాడే రాష్ట్రం ఎప్పుడొస్తుందో గానీ నా బిడ్డ ముందే తెచ్చింది. మొన్న కారం పంపమని పెద్ద దుకాణం ఉత్తరం రాసింది, ఆ అడ్రసుకే. ఇప్పుడు కాయలు కావాలి.

చిన్నమ్మకు నా దండాలు. సుజాతకు మనసారా దీవెన పెట్టమను. మరదల్ని పైలంగ చూసుకో.

ఈసారి ఆఫీసుకు పోకు. నమ్మని రైతులను ఇద్దరిని వెంట తీసుకుని ఉప్పల్‌లో దిగు, నేనే వచ్చి నిలబడతాను. గడపలోనే కారం ఘాటుకు తుమ్ము రాకపోతే అప్పుడు ఉత్తదను. బంద్ లేని రోజు చూసి సుజాత ఖాయం చేసింది: శివరాత్రి వెళ్లిన ఆదివారం, పొద్దటి బస్సు.