బలం పద్నాలుగు

పిచ్చుకతల్లికి అమ్మ దీవిస్తూ రాస్తున్న ఉత్తరం. మీ నాన్న మోకాలు తప్ప ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ, నువ్వు నేర్చుకుంటున్న బస్సూ, దాని చుట్టుపక్కల నడిచేవాళ్లూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. రివర్సు పరీక్ష రెండోసారీ తప్పావని చదివి మీ నాన్న కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత "ప్లాస్టిక్ కోన్లే కదా పడగొట్టింది, మనుషుల్ని కాదుగా. నయం" అన్నారు. లిఫ్టులు బాగుచేసే మనిషి, ఆయనకు పైకీ కిందికీ తప్ప ఇంకేం తెలుసు? మీ మాస్టారు చెప్పినట్టే అద్దం చూసుకుంటూ నెమ్మదిగా తిప్పు. కొత్త బూట్లు కరుస్తున్నాయన్నావు. మడమ దగ్గర కాస్త నూనె రాసి రెండు రోజులు గదిలోనే వేసుకుని తిరుగు.

నీ గదిలో ఉండే అమ్మాయి ఒక పాత కంప్యూటర్ ఆట ఆడుతోందని, ఆట వివరాలు దాచుకునే సేవ్ ఫైలులోని అంకెల్ని ఎడిటర్ అనే ప్రోగ్రాంతో మారిస్తే ప్రమాదమా అని అడిగావు. ఆ విద్య మా ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఆమెకు ఇలా చెప్పు. ముందు ఆటను పూర్తిగా మూసేయాలి. సేవ్ ఫైలుకు నకలు తీసి, తేదీనే పేరుగా పెట్టి వేరే ఫోల్డరులో దాచాలి. మా రికార్డుల గదిలో రోగి వయసు తప్పు పడితే పాత అంకెను చెరిపేయం. దానిమీద ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం పెడతాం. కింద పాతది కనబడుతూనే ఉండాలి. నకలు కూడా అందుకే. ఇంటర్నెట్‌లో తనంతట తానే దాచుకునే ఆటయితే ఆ సదుపాయాన్ని ముందు ఆపాలి, లేకపోతే పాతది వచ్చి కొత్తదాని నెత్తిన కూర్చుంటుంది. ఒకసారికి ఒక్క అంకె మార్చి, పది నిమిషాలు ఆడి చూడాలి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది చెడగొట్టిందో తెలియక జుట్టు పీక్కోవాలి. కథ ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపెట్టుకునే అంకెల జోలికి అసలు పోవద్దు. అవి కదిలితే తలుపులు తెరుచుకోవు, మాట్లాడాల్సిన మనుషులు మాయమవుతారు. ఎడిటర్‌ను కూడా ఎక్కడపడితే అక్కడ తెచ్చుకోకూడదు. ఆ ఆట ఆడేవాళ్లు ఏళ్లుగా వాడుతున్నదే తీసుకుని, వైరస్ ఉందేమో చూసుకోవాలి. పాస్‌వర్డ్ అడిగిందంటే అక్కడికక్కడే తీసిపారేయాలి. ఇదంతా ఒంటరిగా ఆడుకునే ఆటలోనే సుమా. పదిమందితో ఆడేచోట చేస్తే మోసం.

ఈ చివరి మాట రాసి కలం పక్కన పెట్టేశాను. లేచి టీ పెట్టుకుని వచ్చాను. ఒంటరిగా ఆడుకునే ఆటలో కూడా మోసం చేయొచ్చు, తల్లీ. నేను చేశాను. నీ ఆటలోనే.

అప్పుడు నీకు పదకొండేళ్లు. గుహలోని రాతిరాక్షసి చేతిలో నెలరోజులుగా ఓడిపోతున్నావు. ఒక సాయంత్రం కంచం ముందు కూర్చుని "నేను దేనికీ పనికిరానమ్మా" అన్నావు. ఆటలో ఓడిపోతే పిల్లలు అలాగే అంటారని ఊరుకోవచ్చు. నాకు చేతకాలేదు. మర్నాడు సెలవు పెట్టి, నువ్వు బడికి వెళ్లగానే నీ సేవ్ ఫైలు తెరిచాను. ఆటలో నువ్వు నడిపే, ఈటె పట్టిన ఆ పిల్ల బలం పద్నాలుగు ఉంది. నలభై చేశాను. మూడు రోజుల తర్వాత "గెలిచేశా!" అని వీధంతా వినబడేలా అరుస్తూ వంటింట్లోకి వచ్చి నా మెడకు వేలాడావు. నేనూ నీతో కలిసి అరిచాను. నలభై బలం ఉండగా మూడు రోజులు పట్టిందేమిటని నాకు తట్టనే లేదు.

ఈ పదేళ్లలో ఆ గెలుపు సంగతి నువ్వెత్తినప్పుడల్లా గిన్నెలు సర్దే నెపంతో అటు తిరిగిపోయేదాన్ని. ఇప్పుడేమో "దిగులు పడకమ్మా, రాతిరాక్షసినే గెలిచినదాన్ని, నాకీ బస్సెంత?" అని రాశావు. చదివి ఆ ఉత్తరాన్ని మళ్లీ కవర్లో పెట్టేశాను. చెప్పకపోతే ఒక తప్పు, పరీక్ష ముందు చెబితే ఇంకో తప్పు.

మీ నాన్నకు మొత్తం చెప్పాను. ఆయన కోప్పడలేదు. "చెప్పెయ్. కానీ ఫైలు తీసి చూడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టవు కదా, ఇదీ చూసే చెప్పు" అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం అటక మీద నుంచి పాత కంప్యూటర్ దింపించాను. మూడు సేవ్‌లున్నాయి. మొదటిది నేను ముట్టుకున్నది, బలం నలభై. ఆ సాయంత్రమే ఒకసారి తెరిచి దాచావు, తర్వాత మళ్లీ తాకలేదు. మూడోది అంతకుముందు ఎప్పటిదో, అందులో ఆట నలభై తొమ్మిది గంటలు. రాక్షసి చచ్చిపడి ఉన్నది రెండోదాంట్లో. యాభై తొమ్మిది గంటలు. బలం పద్నాలుగు.

నేను ఆ అంకెను వేలుపెట్టి మూడుసార్లు చదివాను. నువ్వు నలభైని చూశావు. చూసి, దాన్ని అక్కడే వదిలేసి, పాత సేవ్‌కు పోయి, పది గంటల ఆట అక్కణ్నుంచి మళ్లీ ఆడి, నీ పద్నాలుగుతోనే గెలిచావు. నా మెడకు వేలాడినప్పుడు కూడా ఒక్క ముక్క అనలేదు. నేను సిగ్గుపడతాననేనా? లేక అమ్మకు నామీద నమ్మకం లేదని లోపల ఏడ్చావా? పదకొండేళ్ల పిల్లవి అంత మాట ఎలా దాచుకున్నావే!

జవాబుకు తొందరేం లేదు, పరీక్ష అయ్యాక రాయి. ఇంకొకటి కూడా చెప్పి ముగిస్తాను. శుక్రవారం నీకు తెలియకుండా అక్కడికి వచ్చి, మీ మాస్టారిని కలిసి "పరీక్షలో కాస్త చూసీచూడనట్టు పొండి" అని అడుగుదామని రైలు టికెట్టు తీసుకున్నాను. ఈ ఉదయం వెళ్లి రద్దు చేసుకుని వచ్చాను.

ఇట్లు,
చేతులు కట్టుకుని కూర్చోవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న
నీ అమ్మ