ఈ ఏటి ఈస్టర్ బన్నులు

కోరమండల్, కోలార్ గోల్డ్ ఫీల్డ్స్,
20 ఏప్రిల్ 2025,
ఈస్టర్ సాయంత్రం.

అమ్మా సోనియా,

లేచిన ప్రభువు పేర నీ అత్త ఎస్తరమ్మ వందనాలు. ఇక్కడ నేనూ పిల్లలూ బాగున్నాము. అక్కడ బెంగళూరులో నీ ఒంట్లో బాగుండి, గార్మెంట్స్ పనికి సరిగా పోతున్నావని తలుస్తాను. ఫోన్ చేస్తే నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు. అందుకే ఉత్తరం. రోజూ రైల్లో అక్కడికి పనికి వచ్చే మన పక్కింటి తాయమ్మ రేపు పొద్దున తెచ్చిస్తుంది.

పోయిన వారం మట్టల ఆదివారం నాడు నువ్వు గేటు దగ్గర ఇచ్చిపోయిన ఆ మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయితోనే నిన్న బన్నులు చేశాము, నువ్వు ఏటా చేయించినట్టే. మిఠాయి యేసయ్య శరీరమనీ, దాన్ని చుట్టే పిండి నారబట్ట అనీ, కుక్కర్ సమాధి అనీ పిల్లలకు వరసగా చెప్పాను. నాకు చేతకావడం లేదు తల్లీ. మైదా పిసికేసరికి మణికట్లు పీకాయి. కుక్కర్లో ఇసుక కాగేదాకా నిలబడేసరికి మోకాళ్లు పోయాయి. చిన్నోడు గాడ్విన్ సగం మిఠాయిలు అక్కడే మింగేశాడు. అరవై ఆరేళ్లదాన్ని, ఐదేళ్లవాడి వెంట ఎంతని పరిగెత్తేది?

అయినా పిల్లలను జూన్‌లో బెంగళూరు బడిలో వేస్తానన్న నీ మాటకు నా జవాబు మారలేదు. నా కొడుకు విల్సన్ పోయి మూడేళ్లు. వాడి పిల్లలూ పోతే ఈ గని కూలీల లైను ఇంట్లో నేనెవరికోసం పొయ్యి వెలిగించాలి? చీకటితో పోయి చీకటితో వచ్చేదానివి, నువ్వెట్లా చూసుకుంటావు? పిల్లలు కూడా నిన్ను అంతగా అడగడం లేదు.

బన్నులు బాగానే వచ్చాయి. ఈ పొద్దున చర్చి నుంచి వచ్చి విరిచాము. మిఠాయి కరిగిపోయి లోపల ఖాళీ. యేసయ్య యాడికి పోయినాడవ్వా అని గాడ్విన్ రెండు బన్నుల్లో వేలు పెట్టి వెతికాడు. వీణ మాత్రం తనది విరవలేదు, తలనొప్పి అని పడుకుంది. ఎండదెబ్బ అనుకుంటాను. తొమ్మిదేళ్ల పిల్లకు ఇంకేముంటుంది.

ఇంగ రాయడానికి ఓపిక లేదు. వేళకు తిను.

నీ అత్త,
ఎస్తరమ్మ

తా.క.: కవరు అంటించి మళ్లీ చించాను. వీణకు ఎండదెబ్బ కాదు. గాడ్విన్ అడిగినదానికి, సమాధి దగ్గర దేవదూత చెప్పిన మాటే నేనూ చెప్పాను, ఆయన ఇక్కడ లేడు అని. వీణ నా మొహంలోకి చూసి, ఆ పొద్దు గేటుకాడ అమ్మకీ నువ్వు అట్లే చెప్తివి కదవ్వా, ఇక్కడ లేరని, మేము లోపల మంచం మీదే ఉంటిమి, అనింది. ఆ రోజు నువ్వు ఎండలో నిలబడి ఉంటే, పిల్లలు మా తమ్ముడితో కోలారు పోయారని నీకు అబద్ధం చెప్పాను. బయట గడియ పెట్టి మరీ వచ్చాను. నీ గొంతు వీణకు వినబడింది. వారం రోజులుగా ఆ పిల్ల నన్ను ఒక్క మాట అడగలేదు, నేనేమో మరిచిపోయిందిలే అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను సోనియా. జూన్ దాకా ఆగొద్దు, వచ్చే ఆదివారమే వచ్చి తీసుకుపో. వాళ్లు ఇక్కడే ఉన్నారు.