బేబి రాకపోకలు

జగ్గయ్యపేట, 1961 జూలై

సౌభాగ్యమ్మ వదినగారికి మరిది ప్రేమదాసు నమస్కారాలు.

మీ చెల్లెలు బేబి పోయిన దగ్గర్నించీ రెండు పద్ధతులూ పాటిస్తున్నానండి. పొద్దున్నే, నాగార్జునకొండలో కలిసిన టిబెట్ సాధువు చెప్పినట్టు, తన ఫొటో ముందు కూర్చుని "భయపడకు, వెనక్కి చూడకు, ముందుకెళ్ళు" అని చదువుతున్నా. ఏడు వారాలు చదవాలిట. సాయంత్రం, రంగూన్‌లో పనిచేసేటప్పుడు నేర్చుకున్న బర్మా పద్ధతి: నీళ్ళు ధారపోసి, గంట కొట్టి, "బేబీ, నా పుణ్యంలో నీ వాటా తీసుకో, రా" అంటున్నా. రెండూ బుద్ధుడివే గదా, ఏది వదలమంటారు?

ఇట్లు, ప్రేమదాసు

తా.క.: నిన్న గంట కొట్టి పడుకున్నాక, బాగా పొద్దుపోయి తన మంచం కిర్రుమంది. "అమ్మయ్యా" అని కూడా వినపడింది.

నందిగామ

మరిది ప్రేమదాసుకి ప్రభువు పేరట దీవెనలు.

పెళ్ళినాడు చర్చిలో అంత గట్టిగా పాట పాడినవాడివి, బుద్ధుడి దగ్గరికి పోయావు. సరే. అక్కడైనా ఒక దారిన ఉండకూడదటయ్యా? మంచం కిర్రుమంటే నులక బిగించు. మా చెల్లి ప్రభువు దగ్గర సుఖంగా ఉంది.

ఇట్లు, సౌభాగ్యమ్మ

తా.క.: రోజూ మధ్యాహ్నం మా వంటింట్లో గిన్నెలన్నీ ఎవరో వరసగా బోర్లిస్తున్నారు. పనిమనిషి లూర్దమ్మ తను కాదని ఒట్టేస్తోంది.

జగ్గయ్యపేట

వదినగారికి నమస్కారాలు.

అట్లా వరసగా బోర్లించేది బేబి కాక ఇంకెవరండీ? ఇక్కడికీ వస్తోంది. కానీ బాగా అలిసిపోయి వస్తోంది. గడప మీద ఎర్రమట్టి అడుగులు, ఎడమకాలు ఈడ్చినట్టు. పోయినా మోకాలి నొప్పి పోలేదా? అసలు మీ ఇంట్లో తనకేం పని? నా మీద అలిగిందా?

మీ ప్రేమదాసు

తా.క.: మీరేమన్నా పిలుస్తున్నారా? నిజం చెప్పండి.

నందిగామ

మరిదికి దీవెనలు, చీవాట్లు.

నేనెందుకు పిలుస్తానయ్యా! నిన్న మధ్యాహ్నం మా మంచం కూడా కిర్రుమంది. "అమ్మయ్యా" అంది. గొంతు దానిదే. గోడకి అతుక్కుపోయా. అప్పుడు తెలిసింది. పొద్దున నువ్వు పొమ్మంటావు, అది బయల్దేరుతుంది. నందిగామ చేరేసరికి మధ్యాహ్నం. కాస్త నడుం వాల్చేలోగా నువ్వు గంట కొడతావు. మళ్ళీ వెనక్కి! బతికుండగా బజారుదాకా నడవలేకపోయేది కదయ్యా. రమ్మంటావో పొమ్మంటావో, ఒకటి తేల్చుకో.

ఇట్లు, సౌభాగ్యమ్మ

తా.క.: బస్సెక్కమని మాత్రం చెప్పకు. దానికి వాంతులు.

జగ్గయ్యపేట

వదినగారికి నమస్కారాలు.

చదవడంలో తప్పులేదు, నీళ్ళు ధారపోయడంలో తప్పులేదు. "రా" అన్న మాటే ఏ పద్ధతిలోనూ లేదండి. అది నేను కలిపా. ఉండలేక కలిపా.

నిన్న సాయంత్రం పుణ్యం పంచా, రమ్మనలేదు. మంచం కిర్రుమనలేదు. చాలాసేపు ఏడ్చా వదినా. ఈపాటికి మీ ఊరు దాటిపోయి ఉంటుంది. చూసి రాయండి.

మీ ప్రేమదాసు

తా.క.: నులక బిగించలేదు. అట్లాగే ఉంచా.

నందిగామ

మరిదికి దీవెనలు.

మంచిపని చేసావయ్యా. ఇవాళ అది మా గుమ్మం ఎక్కలేదు. గిన్నెలు ముట్టుకోలేదు. వాన వెలిసిన వీధిలో అడుగులు మాత్రం పడుతున్నాయి, కంచికచర్ల వైపు. కాలు ఈడ్చడం లేదు. చిన్నప్పుడు బడికి పోయినట్టు చకచకా పోతోంది. పోనీలే, సుఖపడుతుంది అనుకున్నా. అనుకుంటూనే వీధిలోకి పరిగెత్తా. "బేబీ, అన్నం తిని పోవే!" అని అరిచేసా.

అడుగులు ఆగాయి. వెనక్కి తిరిగాయి.

నన్ను తిట్టుకో, పడతా.

ఇట్లు, సౌభాగ్యమ్మ

తా.క.: పొద్దున చదివేది కాస్త మెల్లిగా చదువు. ఇక్కడిదాకా వినపడితే లేచిపోతుంది.