గుమ్మానికి కట్టిన వేపమండలు

పుంగనూరు,
బుధవారం.

లెక్కల టీచరమ్మ గారికి నమస్కారాలు.

నేను మీ పదో తరగతి తేజస్విని మేనత్తను. మీ బడికే వచ్చే పక్కింటి దీప పుస్తకంలో పెట్టి ఈ ఉత్తరం పంపుతున్నాను.

మొన్న మీరు పిల్ల బడికెందుకు రావడం లేదో కనుక్కోవడానికి వచ్చి, మా గుమ్మానికి కట్టిన వేపమండలు చూసి, అమ్మవారు పోసిందనుకుని వీధిలోంచే దండం పెట్టి వెళ్ళిపోయారు. మా ఇంట్లో ఎవరికీ అమ్మవారు పోయలేదమ్మా. ఆ మండలు కట్టింది నేనే. "టీచరు లోపలికి రాకుండా సూడక్కా" అని తమ్ముడు రంగప్ప అంటే కాదనలేకపోయాను. ఆ అమ్మవారి పేరు పెట్టి అబద్ధమాడాను. అప్పటినుంచి దేవుడి దగ్గర దీపం పెట్టలేదు.

అంతకంటే పెద్ద భయం శుక్రవారం గురించి. ఆ రోజు తమ్ముడు పిల్లను కుప్పం తీసుకెళ్ళి, బట్టల కంపెనీలో పనికని ఆ కంపెనీ మనిషితో రైలెక్కిస్తాడట. ఎవరడిగినా పిల్ల తన వయసు పద్దెనిమిదని చెప్పాలట. సంచి సర్దుతుంటే పిల్ల తెలుగు పుస్తకాన్ని బట్టల అడుగున దాచుకుంది.

తమ్ముడు చెడ్డవాడు కాదు. తల్లిదండ్రుల మీటింగులో మీరు అందరి ముందు దాని లెక్కల మార్కులు చదివారు కదా. ఇంటికొచ్చి, "ఇంకా సదివించేది యాలక్కా, నలుగుర్లో నగుబాటుకా?" అన్నాడు.

రేపు గురువారం పొద్దున తొమ్మిదిలోపు రండి, తమ్ముడు ఇంట్లోనే ఉంటాడు. మార్కుల మాట ముందు ఎత్తకండి. పిల్ల పద్యాలు బాగా చెబుతుందని మొదలుపెట్టండి. ఈ ఉత్తరం సంగతి చెప్పకండి.

మీరు వచ్చేసరికి వేపమండలు విప్పేసి ఉంటాను. తమ్ముడు అడిగితే నేనే విప్పానని చెబుతాను. నాకున్న ధైర్యం అంతవరకే. ఆ తర్వాత మీరు లోపలికి రావాలి.

ఇట్లు,
తేజస్విని మేనత్త